కరెంటు వాళ్ళు కప్పు గెలిచారు

పాసిగ్, మనీలా
17 జూన్ 2024

అమ్మలూ,

ఇవాళ బక్రీద్ సెలవు. పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే గొంతు లేదు. నిన్న రాత్రి కుబావ్‌లో మన మెరాల్కో బాస్కెట్‌బాల్ ఫైనల్ చూస్తూ అరిచిన అరుపులకి పూర్తిగా పోయింది. అమ్మ మిరియాల పాలు ఇస్తూ, "యాభై దాటిన మనిషి చెయ్యాల్సిన పనులేనా ఇవి" అంటోంది. అంటూనే ఆ ఆఖరి షాట్ వీడియో ఇప్పటికి నాలుగుసార్లు చూసింది.

"ఎవరు గెలిచారో తెలిసిపోయింది, ఎలా గెలిచారో మాత్రం నువ్వే చెప్పాలి నాన్నా" అని మెసేజ్ పెట్టావు. పరీక్షలని చెప్పి ఫోన్ రూమ్మేట్ చేతిలో పెట్టి కూర్చున్నావంటే మెచ్చుకోవాల్సిందే. పద్దెనిమిదేళ్ళలో ఎనిమిదేళ్ళు ఈ జట్టు కోసం ఏడ్చిన దానివి, అది గెలిచే రోజుకి వైజాగ్ హాస్టల్లో ఉన్నావు. అందుకే అంతా చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నానమ్మ సంగతి. పోయిన వారం ఫోన్ చేసి, "మనవరాలు ఏదో ఫైనల్ అంటోంది, ఏమిట్రా అది" అని అడిగింది. మెరాల్కో అంటే మనీలాకి కరెంటు ఇచ్చే కంపెనీ అన్నాను. "కరెంటాఫీసు వాళ్ళకి బంతాటేమిట్రా?" అంది. ఇక్కడి పీబీఏలో జట్లకి ఊళ్ళ పేర్లుండవని, 1975లో లీగ్ పుట్టిన దగ్గర్నుంచీ కంపెనీల పేర్లేనని, ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఇదేనని చెప్పుకొచ్చాను. మన రైల్వే జట్టు లాంటిదే అనుకో అన్నాను. "సరే, సెమీస్‌లో ఎవరితో ఆడారు?" అంది. జిన్ను కంపెనీతో. "ఫైనల్ ఎవరితో?" బీరు కంపెనీతో. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే కరెంటు వాళ్ళే గెలవాలిరా" అని తీర్పు చెప్పేసింది. తెనాల్లో కూడా మనకొక అభిమాని ఉన్నట్టే లెక్క.

నవంబరులో సీజన్ మొదలైనప్పుడు నాకు ఆశ లేదు. ఈసారి మూడు కప్పులు కాదు, రెండే పెట్టారు. మొదటి దాంట్లో క్వార్టర్ ఫైనల్లోనే ఫీనిక్స్ చేతిలో పోయాం. అది నువ్వూ చూశావు, మళ్ళీ ఎందుకు. మిగిలింది ఫిలిప్పీన్ కప్పు. ఇంపోర్టులు, అంటే విదేశీ ఆటగాళ్ళు, ఉండరు, అందరూ ఇక్కడి వాళ్ళే. ఈ దేశంలో అన్నిటికన్నా విలువ దానికే. మా ఆఫీసులో ఉన్నది ముక్కాలు మువ్వీసం ఆ జిన్ను కంపెనీ జట్టు హినెబ్రా అభిమానులని నీకు తెలుసుగా. "అలెన్ డర్హమ్ లాంటి ఇంపోర్టు ఉన్నప్పుడే కప్పు కొట్టలేదు, ఇప్పుడేం కొడతారు" అని నవ్వారు. నేనేమీ అనలేదు. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో మూడే గెలిచాక ఏం అంటాం?

ఏప్రిల్ ఎండలు ఎలా ఉన్నాయో చెప్పాను కదా, నెలాఖరుకి బడులు మూసి పిల్లల్ని ఇంట్లోనే ఉండమన్నారు. అంత ఎండలోనూ మన వీధి చివర స్తంభానికి కొట్టిన రింగు కింద కుర్రాళ్ళు చెప్పులేసుకుని ఆడుతూనే ఉన్నారు. ఆ రోజుల్లోనే ఏదో జరిగింది. ఏమిటని అడిగితే చెప్పలేను. వరసగా మూడు గెలిచారు. అందులో మూడోది బీరు కంపెనీ శాన్ మిగెల్ మీద. అప్పటికి వాళ్ళు పదికి పది గెలిచి ఉన్నారు! ఆ దెబ్బకి ఆరు గెలుపులు, ఐదు ఓటములతో మూడో స్థానం దొరికింది. నాకు మటుకు కప్పు గెలిచింది జూన్‌లో కాదనిపిస్తుంది, ఆ మూడు మ్యాచ్‌ల్లోనే.

క్వార్టర్స్‌లో ఎన్‌లెక్స్‌ని త్వరగానే పంపించారు. సెమీస్‌లో హినెబ్రా ఎదురైంది. ఆ పేరు చూడగానే నాకు కడుపులో దేవింది. 2016, 2017, 2020, 2022. నాలుగు ఫైనళ్ళు, నాలుగూ వాళ్ళ చేతిలోనే. 2016లో నీకు పదేళ్ళు. హినెబ్రా ఇంపోర్టు జస్టిన్ బ్రౌన్లీ ఆఖరి బజర్‌తో పాటే త్రీ, అంటే మూడు పాయింట్ల షాట్, వేశాడు, నువ్వు టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం తినలేదు. క్లాసులో పిల్లలంతా హినెబ్రా అంటే నువ్వొక్కదానివే మెరాల్కో అన్నావు. ఎందుకే అని అడిగితే స్కూల్ బస్సులోంచి ఓర్టిగాస్ రోడ్డు మీద వాళ్ళ ఆఫీసు కనిపిస్తుంది కాబట్టి అన్నావు. ఒక జట్టుని ఎంచుకోవడానికి అంతకన్నా మంచి కారణం నేనింతవరకూ వినలేదు.

ఇంకొకటి కూడా ఇక్కడే రాసేస్తాను. 2022 ఏప్రిల్లో మళ్ళీ ఓడినప్పుడు నువ్వు ఏడుస్తుంటే, "నెలనెలా బిల్లు కట్టేది మనం, వాళ్ళ కోసం ఏడ్చేదీ మనమేనా" అన్నాను. జోకనుకున్నాను. నువ్వు తలుపేసుకున్నావు. మర్నాడు నేనూ ఏమీ మాట్లాడలేదు. ఈసారి సెమీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్ళి, చివరికి హినెబ్రాని ఇంటికి పంపించిన రాత్రి, నాకు ముందు గుర్తొచ్చింది ఆ తలుపే. తప్పు నాదేనమ్మా.

ఫైనల్ సంగతికి వస్తాను. ఏడింట్లో ముందు నాలుగు గెలిచిన వాళ్ళదే కప్పు. మొదటిది మనం, రెండోది ఒక్క పాయింటు తేడాతో వాళ్ళు, మూడోది మనం, నాలుగోది వాళ్ళు. ఐదోది మనం గెలవగానే ఆరోదానికి టికెట్ కొన్నాను. కుబావ్‌లోని అరనేటా స్టేడియంలో పైన, చిట్టచివరి వరసల దగ్గర. అలమరాలోంచి నీ నారింజ రంగు జెర్సీ తీశాను. నాకెక్కడ పడుతుంది? కండువాలా భుజాన వేసుకుని వెళ్ళాను. పక్కన శాన్ మిగెల్ అభిమాని, నాకన్నా పెద్దాయన. జెర్సీ చూసి, "నీ కూతురిదా?" అన్నాడు. అవునన్నాను. తన పల్లీల పొట్లం నా వైపు జరిపాడు.

అసలు ఆట గురించి నా అభిప్రాయం వేరు. పేపర్లన్నీ మన న్యూసమ్‌నే పట్టుకుని న్యూసమ్, న్యూసమ్ అంటాయి, అనాలి కూడా. కానీ ఈ జట్టు గెలిచింది బుట్టలో వేసి కాదు, ఎదుటివాళ్ళని వెయ్యనివ్వకుండా. ఏడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో మేటి ఆటగాడు, అయిన శాన్ మిగెల్ ఫహార్డో లాంటి కొండకి అడ్డం నిలబడటం మాటలా? ఆ పని ఈ సీజన్‌లోనే వచ్చిన బ్రాండన్ బేట్స్‌కి అప్పజెప్పారు. తోస్తాడు, పడతాడు, ఫౌల్ అవుతాడు, మళ్ళీ వస్తాడు. క్లిఫ్ హాడ్జ్ సంగతి సరేసరి. ఆ నాలుగు ఫైనళ్ళూ ఓడినవాడు, ఇప్పటికీ నేలమీద దొర్లే బంతి కోసం కుర్రాడిలా దూకుతున్నాడు.

నిన్న బాగా ముందుకెళ్ళిపోయాం. తర్వాత వాళ్ళు మెల్లగా తరుముకుంటూ వచ్చారు. ఆఖరి క్షణాల్లో మూడు పాయింట్ల ఆధిక్యం ఉంది. ఇక అయిపోయింది అనుకుంటుండగా ఫహార్డో త్రీ వేశాడు. ఫహార్డో, త్రీ! రింగు కింద బతికే మనిషి. పడింది. 78-78. పక్కనున్న పెద్దాయన లేచి నన్నే కౌగిలించుకున్నాడు, నేను ఎవరి మనిషినో మర్చిపోయి. నేను కూర్చుండిపోయాను. 2016 మళ్ళీ వచ్చిందనుకున్నాను.

బంతి న్యూసమ్‌కి అందింది. ఒక అడుగు, రెండు అడుగులు, వెనక్కి ఒరుగుతూ ఎగిరాడు. ఎదురుగా చెయ్యి అడ్డంగా ఉంది. బంతి గాల్లో ఉన్నంతసేపూ ఆ వేలమందిలో ఒక్కళ్ళ గొంతూ వినపడలేదు, లేదా నాకే వినపడలేదేమో. పడింది. గడియారంలో 1.3 సెకన్లు. వాళ్ళు ఆఖరి ప్రయత్నం చేశారు, కాలేదు. 80-78.

2010లో లీగ్‌లోకి వచ్చాక ఇదే మొదటి కప్పు. పైనుంచి చూస్తే చీమల్లా కనిపిస్తున్నారు, ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలియదు. నేను మాత్రం రెండూ చేశాను. పెద్దాయన నా భుజం తట్టి, "ఇంటికెళ్ళి పాపకి ఫోన్ చెయ్యి" అన్నాడు. నీకు పరీక్ష ఉందని ఆయనకేం తెలుసు. అన్నట్టు నిన్న ఫాదర్స్ డే. నువ్వు మర్చిపోయావు. ఫర్వాలేదు, క్రిస్ న్యూసమ్ గుర్తుపెట్టుకున్నాడు.

పరీక్షలయ్యాక వీడియో కాల్ చెయ్యి, ఆఖరి క్వార్టర్ ఇద్దరం కలిసి మొదట్నుంచీ చూద్దాం. నీ జెర్సీ ఇంకా కుర్చీ మీదే ఉంది. గెలుస్తున్నంత కాలం ఉతకకూడదని నువ్వు పెట్టిన రూలుకి అమ్మ ఇప్పటిదాకా కట్టుబడి ఉంది. ఇప్పుడు సీజన్ అయిపోయింది కదా అంటోంది. ఉతకమనాలో, అలాగే ప్యాక్ చేసి పంపమనాలో రాయి.

నాన్న