రెండో షీటు కుంచించుకుపోయిన కాగితపు విమానం కిట్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: 1:72 నిష్పత్తిలోని సాప్‌విత్ క్యామెల్ (మొదటి ప్రపంచ యుద్ధం నాటి, ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలున్న బ్రిటిష్ యుద్ధవిమానం) కాగితపు నమూనా కిట్‌లో ముద్రణ దోషం, దాని గురించి మీరు పంపిన జవాబు.

అయ్యా/అమ్మా,

మీ క్యామెల్ కిట్‌ను రెండుసార్లు కొని, రెండుసార్లూ పాడుచేసుకున్నాను. మొదటిసారి లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. మీకు రాస్తే మీరూ అదే మాటన్నారు. "గీత వెంట జాగ్రత్తగా కత్తిరించగలరు" అని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ వాక్యాన్ని నమ్మి కొత్త బ్లేడు, కొత్త కిట్ తెచ్చుకుని, భూతద్దం పెట్టుకుని మరీ కత్తిరించాను. మళ్లీ అదే వంకర.

అప్పుడు స్కేలు తీశాను. మీ షీట్ల అంచుల్లో 50 మిల్లీమీటర్లు అని రాసిన కొలగీతలు రెండేసి ఉన్నాయి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. మొదటి షీటులోనూ మూడో షీటులోనూ అవి సరిగ్గా 50 ఉన్నాయి. రెండో షీటులో రెండూ 48 మాత్రమే. పాత కిట్‌లో మిగిలిన ముక్కలు వెతికి కొలిచాను, అక్కడా 48. తేమకు కాగితం సాగడం, ముడుచుకోవడం నాకు తెలియనిది కాదు. కానీ కాగితానికి పోగు ఉంటుంది. పోగు వెంట ఒకలా, పోగుకు అడ్డంగా ఒకలా మారుతుంది. నిలువునా అడ్డంగా ఒకే లెక్కన నాలుగు శాతం తగ్గిందంటే అది వాతావరణం పని కాదు. అచ్చుకు పంపేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించే ఏర్పాటును ఎవరో తీసేయడం మరిచిపోయి ఉంటారని నా అనుమానం.

నాలుగు శాతమే కదా అనిపించవచ్చు. అసలు క్యామెల్ రెక్కల నిడివి ఈ కొస నుంచి ఆ కొసకు 8.53 మీటర్లు, పైదీ కిందదీ సమానమే. 1:72లో అది దాదాపు 118 మిల్లీమీటర్లు. మీ పై రెక్క మొదటి షీటులో ఉంది, కొలత సరిపోయింది. కింది రెక్క రెండో షీటులో ఉంది. 114 కూడా లేదు. పై రెక్క మీది గుర్తుకూ కింది రెక్క మీది గుర్తుకూ పొంతన లేక, రెండింటి మధ్య నిలబెట్టాల్సిన స్ట్రట్లు, అంటే ఊతకమ్మీలు, పక్కకు ఒరిగిపోతున్నాయి. మొండెం సంగతి ఇంకా అన్యాయం. పైతొడుగు మొదటి షీటులో, దాని లోపల ఇమడాల్సిన గుండ్రటి అడ్డపలకలు రెండో షీటులో. 40 మిల్లీమీటర్ల చుట్టుకొలతలో ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా వదులు. ఆ వదులును జిగురుతో పూడ్చబోతే పలుచటి కాగితం నాని ఉబ్బుతుంది. వేలెడంత విమానంలో ఒకటిన్నర మిల్లీమీటర్లను దాచే చోటెక్కడ?

మరో రెండు విషయాలు. మీ సూచనల పత్రంలో రెండు రెక్కలనూ సమానంగా పైకి వంచమన్నారు. అసలు విమానంలో తయారీ సులువు కావడానికి పై రెక్కను చదునుగా ఉంచి, ఆ లోటు తీర్చడానికి కింది రెక్కకే ఎక్కువ వంపు పెట్టారు. అందుకే ముందు నుంచి చూస్తే రెక్కల మధ్య ఎడం కొసల వైపు తగ్గుతూ పోతుంది. క్యామెల్‌ను పోల్చుకునే గుర్తుల్లో అదొకటి. ఆ రూపం పోయాక మిగిలేది ఏదో ఒక జంట రెక్కల బైప్లేన్, అంతే. మరతుపాకుల మీది మూపురాన్ని మాత్రం చక్కగా గీశారు, ఆ మాట ఒప్పుకోవాలి; విమానానికి ఒంటె పేరు తెచ్చిపెట్టింది అదే కదా.

ఇక ఇంజన్. అట్ట మీద క్లెర్జె 9బి అని అచ్చువేసి, లోపల ఎనిమిది సిలిండర్ల బొమ్మ ఇచ్చారు. పేరులోనే తొమ్మిది ఉంది! సిలిండర్లతో సహా గిర్రున తిరిగే ఈ రకం రోటరీ ఇంజన్లో సిలిండర్లు ఒకటి విడిచి ఒకటి మండుతాయి. 1, 3, 5, 7, 9 అయ్యాక 2, 4, 6, 8. సంఖ్య బేసి అయితేనే రెండు చుట్లలో అన్నిటికీ సమానమైన ఎడంతో వంతు వస్తుంది. నమూనా ఎగరదు కాబట్టి ఎన్నుంటే ఏమని మీ విభాగంలో ఎవరైనా అనవచ్చు. అయితే 1917లో యుద్ధరంగానికి వెళ్లిన విమానానికి 'ప్రామాణిక నమూనా' అని అట్ట మీద పెద్ద అక్షరాలతో వేయకుండా ఉండాల్సింది.

డబ్బు వాపసు నాకు అక్కర్లేదు. సరైన కొలతతో రెండో షీటును మళ్లీ అచ్చువేసి నాకు పంపండి. ఈ కిట్ కొన్న మిగతావారు అడిగినా, అడగకపోయినా మీ దగ్గర చిరునామాలున్న వారందరికీ పంపండి. నాకు ఈ పని పాతదే కాబట్టి స్కేలు పట్టుకుని కూర్చున్నాను. మొదటిసారి కత్తెర పట్టినవారు తమ చేతులు ఇందుకు పనికిరావనుకుని మానేసి ఉంటారు. మీ జవాబు కూడా వారికి అదే చెప్పి ఉంటుంది. నాకు పంపిన ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. సూచనల పత్రంలో రెక్కల వంపు, ఇంజన్ బొమ్మలో సిలిండర్ల లెక్క వచ్చే ముద్రణలోనైనా దిద్దండి.

రెండు కిట్లలోని రెండో షీటు పక్కన స్కేలు ఉంచి తీసిన ఫోటోలు, ఒరిగిన స్ట్రట్ల ఫోటో జతచేస్తున్నాను. పై రెక్క, తోక, చక్రాలు బాగానే ఉన్నాయి. వాటిని డబ్బాలో భద్రపరిచాను. ఈసారి మీ షీటు అందగానే ముందు కొలగీతను కొలిచి, ఆ తర్వాతే బ్లేడు తీస్తాను.

ఇట్లు,
మీ కిట్‌ను రెండుసార్లు కొన్న వినియోగదారు