ఎముక అతుక్కుంది, మనిషి కోలుకున్నాడా?

సంపాదకుడు గారికి నమస్కారం.

జనవరి రాగానే రోడ్డు భద్రతా మాసోత్సవాల ఫొటోలు మీ జిల్లా పేజీల్లో వరసగా వస్తాయి. హెల్మెట్ ర్యాలీ, ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ. వాటిని తప్పుపట్టను. ప్రమాదం ఇప్పటికే జరిగిపోయిన ఇళ్ల సంగతి మాత్రం ఆ పేజీల్లో కనబడదు. మాది అలాంటి ఇల్లే.

మా తమ్ముడు సెంట్రింగ్ మేస్త్రి. రెండేళ్ల కింద పని ముగించుకుని బండి మీద వస్తుంటే, 65వ నంబరు జాతీయ రహదారిపై కట్టంగూర్ దాటాక వెనక నుంచి డీసీఎం వ్యాను గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. 108 వచ్చింది, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, రాడ్డు వేశారు. అక్కడిదాకా ఎవరినీ ఒక్క మాట అనను. డిశ్చార్జి కాగితం చివర మాత్రం ఒక్క ముక్క రాసి పంపారు: 'ఫిజియోథెరపీ చేయించుకోవాలి'. ఎక్కడ? ఎన్నాళ్లు? వాకర్‌తో బస్సెక్కలేడు, ఆటో మాట్లాడితే రానుపోను ఐదొందలు. ఆరుసార్లు వెళ్లి మానేశాడు. తర్వాత ఇంట్లోనే మా మరదలు అతన్ని మంచం పట్టె మీద కూర్చోబెట్టి, చీలమండకు ఇసుక మూట కట్టి, కాలు వేలాడదీయించి వంద లెక్కపెట్టేది. అది మంచి చేస్తోందో చెడు చేస్తోందో మాకు చెప్పినవాళ్లు లేరు. చుట్టాల్లో ఒకరు పుత్తూరు కట్టు అన్నారు, ఇంకొకరు నూనె మర్దన అన్నారు.

ఆర్నెల్లకు ఎక్స్‌రే చూసి డాక్టరు గారు 'బాగా అతుక్కుంది' అన్నారు. నిజమే, ఎముక అతుక్కుంది. మోకాలే సగం వంగి ఆగిపోయింది. గొంతుకూర్చోలేడు, బాసింపట్టు వేయలేడు, నిచ్చెన ఎక్కలేడు. ఇక సెంట్రింగ్ పనికి ఎవరు పిలుస్తారు? వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో 40 శాతానికి తక్కువ వేశారు కాబట్టి పింఛనూ రాదు. ఆస్పత్రి లెక్కలో మాత్రం అతని ఆపరేషన్ సక్సెస్.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. పోయినవాళ్ల లెక్క పోలీసు రికార్డుల్లో ఉంది. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిలో ఏడాది తిరిగేసరికి ఎందరు మళ్లీ పనిలోకి వెళ్లారో, ఎందరు మంచాన ఉన్నారో ఆ నివేదికలో వెతికినా దొరకదు. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం మంచిదే, లక్షన్నర దాకా ఇస్తారు. కానీ ఏడు రోజులకే. తొడ విరిగినవాడికి అసలు కష్టం ఎనిమిదో రోజున మొదలవుతుంది.

అందుకే ఈ ఉత్తరం. కోలుకోవడం మీద పరిశోధనకు డబ్బు కేటాయించండి అని అడుగుతున్నాను. తేల్చాల్సిన ప్రశ్నలు మరీ పెద్దవేం కావు. ఆశా కార్యకర్తకు నాలుగు వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపితే మోకాలు వంగుతుందా? ఆటో కిరాయి ఇస్తే ఎంతమంది మానకుండా వస్తారు? పరిహారం కేసు తేలేదాకా ఇల్లు ఎట్లా గడుస్తోంది, ఎంత అప్పు అవుతోంది? కొన్ని ఊళ్లలో ఒక పద్ధతి, కొన్ని ఊళ్లలో ఇంకో పద్ధతి పెట్టి చూస్తే ఏడాదిలో తెలుస్తుంది. బాగుపడ్డాడని అనాలంటే ఎక్స్‌రే ఒక్కటే చూడకుండా, గొంతుకూర్చుని లేవగలడా అన్నదీ చూడాలి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెద్ద గాయాలైనవాళ్లకు 6, 12, 24 నెలలకు ఫోన్ చేసి, పనికి వెళ్తున్నారా, నొప్పి ఎలా ఉంది అని అడిగి రాసుకుంటారు. వాళ్ల దగ్గర డబ్బుందిలే అనవచ్చు. ఫోన్‌కు ఎంత డబ్బు కావాలి? 'లోన్ కావాలా సార్' అని అడిగేవాళ్లు మా తమ్ముడికే రోజుకు నలుగురు చేస్తారు.

మోటారు వాహనాల చట్టం 164బి సెక్షన్ కింద ప్రమాదాల నిధి ఉంది, అందులోంచి చికిత్సకు, హిట్ అండ్ రన్ పరిహారానికి ఇస్తారు. కేంద్రం దాంట్లో దీనికీ చోటివ్వాలి. అది తేలేసరికి ఎన్నాళ్లు పడుతుందో కాబట్టి, ఈలోగా మన రాష్ట్రం ట్రాఫిక్ చలాన్ల డబ్బులో వందకో రూపాయి పక్కన పెట్టినా చాలు. నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, సూర్యాపేటదైతే హైవే ఊరే. పని అక్కడే మొదలుపెట్టవచ్చు.

మా తమ్ముడి నంబరు ఆస్పత్రి రిజిస్టరులో ఉంది. రెండేళ్లుగా మార్చలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నకిరేకల్ మండలం, నల్గొండ జిల్లా