రూటర్ బిగించి వెళ్లేవారు ఇంట్లోని పరికరాలన్నీ కలిపి చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

ఊరూరా ఫైబర్ ఇంటర్నెట్ వచ్చేసిందని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. నిజమే, మా పాలకొల్లులో కూడా ఏ కరెంటు స్తంభం చూసినా నల్ల తీగల చుట్టలే వేలాడుతున్నాయి. అయితే గుమ్మం దాకా వచ్చిన ఆ నెట్ ఇంట్లో ఉన్న ఫోనుకీ, టీవీకీ, ల్యాప్‌టాప్‌కీ అందక జనం పడుతున్న అవస్థ గురించి ఎవరూ రాయడం లేదు. నేను టెలిఫోన్ శాఖలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ పరిచయం కొద్దీ మా వీధిలో ఎవరింట్లో వైఫై కలవకపోయినా కబురు పెడతారు, వెళ్లి చూస్తుంటాను. అలా చూసిన వాటిలో పరికరం నిజంగా పాడైన సందర్భాలు చాలా తక్కువ. కానీ దాదాపు ప్రతి ఇంట్లోనూ ముందు వినిపించిన మాట ఒకటే: ‘మీ ఫోను పాతదండీ, కొత్తది కొనుక్కోండి’.

ల్యాండ్‌లైన్ రోజుల్లో కంప్లెయింట్ రాగానే లైనులో తప్పుందా, ఇంట్లో తీగలో ఉందా, ఫోను సెట్టులో ఉందా అన్నది మొదట తేల్చేవాళ్లం. అది తేలకుండా ఎవరి సెట్టూ మార్చేవాళ్లం కాదు. వైఫైకి కూడా అదే పద్ధతి పనికొస్తుంది. రూటర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని ఉన్నచోట ఎర్ర దీపం వెలుగుతుంటే వెలుతురు సిగ్నల్ ఇంటి దాకా రావడం లేదన్నమాట. తీగ ఎక్కడో తెగిందో, మడత పడిందో. అప్పుడు ఫోన్లో ఏం నొక్కినా లాభం లేదు, లైను మనిషి రావాల్సిందే. ఎర్ర దీపం లేదు, ఒక ఫోనులో నెట్ వస్తోంది, ఇంకోదాంట్లో రావడం లేదు అంటే చూడాల్సింది రూటర్‌కీ ఆ పరికరానికీ మధ్య. ఈ రెండు ముక్కలు కనెక్షన్ ఇచ్చిన రోజునే చెప్పి వెళ్తే సగం ఫోన్లు కస్టమర్ కేర్‌కి వెళ్లవు.

మా వీధి చివర మామ్మగారు ఒక్కరే ఉంటారు. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం. తల్లి ఎలా ఉందో చూసుకోవడానికి అక్కడ కొన్న చిన్న కెమెరా ఒకటి సెలవులకొచ్చిన బంధువుల చేతికిచ్చి పంపించాడు. ఇక్కడ అది వైఫైకి కలవలేదు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వచ్చి చూసి, అమెరికా కెమెరా ఇండియాలో పనిచెయ్యదని తేల్చేసి వెళ్లిపోయాడు. ఆవిడ దాన్ని పెట్టెలో పెట్టి బీరువాలో దాచేశారు. కొడుక్కి తనని చూపించలేకపోయిన వస్తువని చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నాకు చాలా కష్టమనిపించింది.

అందులో రెండు చిక్కులున్నాయి. ఈ రోజుల్లో రూటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, రెండు తరంగాల మీద పనిచేస్తుంది. రెండోది వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మొదటిది నిదానం, దూరం పోతుంది. చిన్న కెమెరాల్లో, స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో చాలావాటికి ఆ 2.4 ఒక్కటే తెలుసు. రూటర్‌లో రెంటికీ కలిపి ఒకటే పేరు పెట్టేశారు. కెమెరా యాప్ ఉన్న ఫోను 5 మీద కూర్చుంది, కెమెరా 2.4లో వెతుకుతోంది. అందుకని ముందు రెంటికీ వేరువేరు పేర్లు పెట్టి, ఫోనుని 2.4 పేరులోకి తెచ్చి చూశాను. అయినా కెమెరా రాలేదు.

రెండో చిక్కు ఛానల్ నంబరు. 2.4 తరంగం మీద రూటర్ వాడే దారులకి నంబర్లుంటాయి, వాటినే ఛానళ్లంటారు. మన దేశంలో 1 నుంచి 13 వరకూ వాడుకోవచ్చు. అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 11 దాటి వినవు. ఛానల్ ఎంపిక ‘ఆటో’లో పెట్టి ఉండటంతో రూటర్ తనంతట తాను 13కి వెళ్లి కూర్చుంది. పక్కింటి వాళ్ల ఫోన్లన్నిటికీ ఆ వైఫై పేరు కనిపిస్తుంది, అమెరికా నుంచి వచ్చిన కెమెరాకి మాత్రం కనిపించదు. 6కి మార్చగానే కలిసింది. ఆ సాయంత్రమే అబ్బాయి డల్లాస్ నుంచి తల్లి తులసికోట దగ్గర దీపం పెట్టడం చూశాడు. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లకీ, ప్రింటర్లకీ కూడా ఇదే తంటా రావచ్చు. కాబట్టి ఛానల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టేసుకోవడం మంచిది. ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు కూడా.

ఈ పనంతా నిజానికి పది నిమిషాలది. రోజులు పట్టింది ఎందుకంటే, రూటర్ లోపలి సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డు మామ్మగారి దగ్గర లేదు. బాక్సు అడుగున అంటించిన కాగితం మీదున్నది పనిచెయ్యలేదు, బిగించినప్పుడే మార్చేశారు. అడిగితే ‘కస్టమర్లకి ఇవ్వం’ అన్నారు. నెలనెలా బిల్లు కట్టే మనిషికి తన ఇంట్లో బాక్సు ఛానల్ మార్చుకునే హక్కు లేదా? లోపలికి వెళ్లనివ్వడం ఇష్టం లేకపోతే, అడిగిన రోజున మార్చి పెట్టే మనిషినైనా ఉంచాలి కదా. రెండూ లేవు. చివరికి ఆపరేటర్ ఆఫీసులో ఒక పెద్దాయన దయ తలచి చెబితే పని జరిగింది. అందరికీ అలాంటి పెద్దాయన దొరకడు.

బస్టాండు వైపు జిరాక్స్ షాపు నడుపుకునే ఒకాయన సంగతి వేరు. పాత రూటర్ తీసి కొత్తది పెట్టారు. ఫోన్లన్నీ కలిశాయి, విండోస్ 7 ల్యాప్‌టాప్ కలవలేదు. పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా కలవదు. అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి సిద్ధపడ్డాడు. కొత్త రూటర్‌లో భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉండేలా పెట్టారు. అది 2018లో వచ్చింది, విండోస్ 7కి ఆ భాష రాదు. సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2, 3 రెండూ కలిసి ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోయింది. మరీ మొండి పరికరమైతే డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టుకోవచ్చు. అంతకంటే కిందికి మాత్రం దిగకూడదు. కొందరు కుర్రాళ్లు ఇలాంటప్పుడు అసలు పాస్‌వర్డే తీసేసి ‘ఇదిగో కలిసింది’ అని చూపించి వెళ్తున్నారు. ఇది క్షమించరాని పని. ఆ తెరిచి ఉన్న వైఫై మీద దారిన పోయేవాడు ఏ మోసం చేసినా, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తట్టేది ఇంటి యజమాని తలుపే.

ఇంకో రకం గొడవ మేడ మీద అద్దెకిచ్చిన ఇళ్లలో చూస్తున్నాను. కింది వైఫై పైకి అందదని ఇంకో రూటర్ కొని, కింది రూటర్ నుంచి తీగ లాగి, దాని వెనకున్న రంధ్రాల్లో ఏదో ఒకదాంట్లో గుచ్చేస్తారు. ప్రతి రూటరూ తన దగ్గరికొచ్చిన ఫోనుకి ఒక ఐపీ అడ్రసు, అంటే ఆ ఇంటి నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, ఇస్తుంది. తీగ బయటి నుంచి నెట్ తీసుకునే ‘వ్యాన్’ రంధ్రంలో కాక ఇంట్లోని పరికరాలకి నెట్ ఇచ్చే ‘ల్యాన్’లో పడితే రెండు రూటర్లూ ఒకే ఇంట్లో అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. కింది రూటర్ అడ్రసిచ్చిన ఫోనుకి నెట్ వస్తుంది, పైది ఇచ్చినదానికి రాదు. ఇంతసేపూ పనిచేసిన ఫోను ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆగిపోతుంది, ఆగిపోయింది మళ్లీ లేస్తుంది. ఇంటాయనకీ అద్దెవాళ్లకీ దీని మీద మాటా మాటా పెరిగిన సందర్భం కూడా ఉంది. పై రూటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే దాన్ని ఆపేసి, దాని సొంత అడ్రసు కిందిదానితో కలవకుండా మారిస్తే గొడవ తీరుతుంది. ల్యాప్‌టాప్‌లో అడ్రసు 169.254తో మొదలైతే మాత్రం ఏ రూటరూ దానికి అడ్రసు ఇవ్వలేదని అర్థం. పాస్‌వర్డు పదిసార్లు కొట్టి ప్రయోజనం లేదు.

భద్రత కోసమని కొందరు రూటర్‌లో ఫోన్ల మ్యాక్ అడ్రసులు (తయారీలోనే ప్రతి పరికరానికీ ఇచ్చే గుర్తింపు నంబర్లు) రాసి, అవి తప్ప ఇంకేవీ రాకుండా కట్టడి చేసుకుంటారు. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచీ ఫోను వైఫైకి తన అసలు అడ్రసు చెప్పకుండా మారు అడ్రసు ఇస్తోంది. ఆ ఇళ్లలో కొత్త ఫోను కలవదు. ఫోన్లో ఆ ఒక్క వైఫైకి అసలు అడ్రసు వాడమని మార్చుకోవాలి.

బాక్సు పెట్టే చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. తీగ మిగులుతుందని గుమ్మం పక్కనే, ఇనప బీరువా వెనకో టీవీ కిందో బిగించి పోతున్నారు. మా వైపు పాత పెంకుటిళ్లలో గోడలు మందం. వెనక వసారాలో చదువుకునే పిల్లకి 5 అందదు, 2.4 అందీ అందనట్టుంటుంది. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉన్నచోట పెట్టమని ఇంటివాళ్లు గట్టిగా అడగాలి.

ఇంటర్నెట్ సంస్థలనీ, కేబుల్ ఆపరేటర్లనీ నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. కనెక్షన్ ఇచ్చిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి పరికరాన్నీ, టీవీ, కెమెరా, పాత ల్యాప్‌టాప్‌తో సహా, ఇంటివాళ్ల కళ్లముందు కలిపి చూపించాకే సంతకం తీసుకోవాలి. మేము డయల్ టోన్ వినిపించకుండా ఏ ఇంటి నుంచీ కదిలేవాళ్లం కాదు. వైఫై పేర్లు, వాటి పాస్‌వర్డు, రూటర్ లోపలి పాస్‌వర్డు తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి. బిగించే కుర్రాళ్లని నేను తప్పుపట్టడం లేదు. రోజుకిన్ని ఇళ్లని తరుముతుంటే వాళ్లు మాత్రం ఎక్కడ ఆగుతారు? వాళ్లకి ఆ సమయం ఇవ్వాల్సింది పైవాళ్లు.

పాఠకులకి ఒక మనవి. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకిచ్చే నంబరు, అడిగి రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ నంబరు ఇవ్వడం సంస్థ బాధ్యత. మొదటి ఫిర్యాదుకి న్యాయం జరగకపోతే అదే సంస్థలో అప్పీలు అధికారి ఉంటారు. ఆయనకి రాయడానికి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మనిషి మనిషికీ విడివిడిగా వచ్చే ఫిర్యాదుల్ని ట్రాయ్ నేరుగా తీసుకోదు కాబట్టి అప్పీలులో ఆ డాకెట్ నంబరే మీకు ఆధారం. ‘కొత్త ఫోను కొనుక్కోండి’ అని ఎవరైనా అంటే, అదే ఫోను పక్కింటి వైఫైకి కలుస్తుందో లేదో ముందు చూడండి. అక్కడ కలిస్తే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి.

– విశ్రాంత టెలిఫోన్ మెకానిక్, పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా