విత్తన బీరువా చల్లగా ఉంటే చాలదు, పొడిగానూ ఉండాలి

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

మొలగొలుకుల వంటి పాత వరి రకాలను కాపాడుకుంటున్న నెల్లూరు జిల్లా రైతులం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. రైతు సేవా కేంద్రాల్లో విత్తనాన్ని చల్లగా, పొడిగా ఉంచే విత్తన బీరువాలు పెట్టించండి. బస్తాలకు కాదు, కిలో రెండు కిలోల మూల విత్తనానికి. అయితే టెండరులో ‘15 డిగ్రీలు’ అన్న ఒక్క ముక్కే రాస్తే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఏప్రిల్‌లో కోసిన వడ్లు అక్టోబరు నారుమడి దాకా మొలకశక్తి నిలుపుకోవాలి. విత్తన నిల్వకు పాత లెక్క ఒకటుంది: ఫారన్‌హీట్‌లో వేడి, గాలిలో తేమ శాతం కలిపి 100 దాటకూడదు. మే నెలలో మన 40 డిగ్రీల ఎండ అంటే 104 ఫారన్‌హీట్, తేమ కలపకముందే లెక్క దాటిపోయింది. 15 డిగ్రీలంటే 59. దానికి 40 శాతం తేమ కలిపితే 99. కాబట్టి రెండూ రాయాలి.

మామూలు ఫ్రిజ్ ఈ పనికి రాదు. గాలి చల్లబడేకొద్దీ తేమ శాతం పెరుగుతుంది. కంప్రెసర్ ఆగగానే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీది నీరు మళ్ళీ గాలిలో కలుస్తుంది. తేమ 75 శాతం దగ్గర నిలిస్తే వడ్లు 14 శాతం చెమ్మ పడతాయి. ధ్రువీకరణ విత్తనానికి హద్దు 13. పైగా 15 డిగ్రీల దగ్గర 40 శాతానికి దించాలంటే కాయిల్ సున్నా దాకా చల్లబడాలి, మంచు కట్టి మొరాయిస్తుంది. అందుకే తేమను పీల్చుకునే సిలికా జెల్ చక్రం ఉన్న డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తగ్గించే యంత్రం) అడగండి.

బీరువాలోని తేమ మీటరు తప్పు చూపినా ఎవరికీ తెలియదు. పరీక్ష తేలిక: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంత నీళ్లు చల్లి, మీటరుతో పాటు గాలి చొరని కవరులో ఒక రాత్రి ఉంచితే 75 శాతం చూపాలి, తడి ఉప్పు పక్కన గాలి తేమ అక్కడే నిలుస్తుంది. ఎంత తేడా ఉందో బీరువా తలుపు మీదే రాసి పెట్టాలి.

సిబ్బందికి ఒక్కటి గట్టిగా చెప్పించండి. బయటికి తీసిన పొట్లం వెంటనే విప్పకూడదు. మన ఉక్కగాలి తగిలిందంటే చల్లటి గింజ మీద నీటి బొట్లు పడతాయి, కష్టమంతా ఒక్క పూటలో పోతుంది. పొట్లం మూసే ఉంచి, మర్నాడు విప్పాలి.

సముద్రపు ఉప్పుగాలి బయటి కాయిల్ రెక్కలను తినేస్తుంది, తలుపు రబ్బరు కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. వీటిని మార్చే ఖర్చుతో పాటు స్టెబిలైజరు, మొదటి మూడేళ్ల మరమ్మతు కూడా కొనుగోలు ధరలోనే కలిపించండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా విత్తన రైతులు