రైతు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువ శ్రమ పెట్టింది యాసంగి వరి తుకాల (నారుమడుల) మీదే. మన ఉత్తర తెలంగాణ చలికి తుకం పోసే తేదీయే నారుకు ప్రాణం. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల కిందికి దిగితే మొలక కదలదు. వేర్లకు భాస్వరం, జింకు అందవు. ఆకు పసుపెక్కి నారు గిడసబారుతుంది, మడి పలచబడుతుంది.

దీన్ని కళ్లారా చూపాలని ఒకే పొలంలో మూడు తేదీల తుకాలు పక్కపక్కన పోయించాం. నవంబరు మూడో వారంలో పోసినది చలి ముదిరేలోపే వేరూనింది. డిసెంబరు ఆఖరుది నెల దాటినా నాటుకు రాలేదు. క్షేత్ర దినోత్సవం నాడు గట్ల మీద నిలబడే చోటు లేదంటే అది సంఘానికే గౌరవం. పొలమిచ్చిన సభ్యుడికి, వంట చూసుకున్న అక్కలకు, టెంటు ఇచ్చినవారికి, ట్రాక్టర్లు తిప్పినవారికి కృతజ్ఞతలు. ముందే ఒప్పుకున్న అధికారి మాత్రం రాలేదు, కబురూ పంపలేదు.

మరీ ముందు పోయడమూ ముప్పే. అక్టోబరులో పోసిన 120 రోజుల రకం జనవరి చలిలో పొట్టకొచ్చి తాలు పోతుంది. బాగా ఆలస్యమైతే ఏప్రిల్ ఎండల్లో గింజ గట్టిపడి, మిల్లులో నూక ఎక్కువవుతుంది.

ఆలస్యం తప్పనివారు ఇవి పాటించాలి. ఎకరం నాటుకు 2 గుంటల మడిలో భాస్వరం వానాకాలానికి రెట్టింపు, అంటే 2 కిలోల పోషకం వేయాలి. సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున ఆ చల్లటి నీళ్లు తీసేసి కొత్తవి పెట్టాలి. రాత్రి కర్రల మీద పాలిథిన్ పరదా గానీ, కుట్టిన యూరియా బస్తాలు గానీ నారుకు తగలకుండా కప్పాలి. ఎండ రాగానే తీయకపోతే నారు ఉడికిపోతుంది. జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి. అప్పుడే కోసిన వానాకాలం వడ్లను విత్తనంగా వాడితే నిద్రావస్థ వల్ల మొలక రాదు. కిలో విత్తనాన్ని, 6.3 మి.లీ. నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపిన లీటరు నీటిలో 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి, అంటే తడి గోనెలో మూటకట్టి మొలకెత్తించాలి. చాలామంది ఇక్కడే నష్టపోయి, తప్పు చలి మీద వేస్తున్నారు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది, ఆమోదించగలరు.

పరదాలు పంచిన రోజు, పేర్లిచ్చిన యువకుల్లో సగం మంది రాలేదు. ఆ బరువంతా పెద్దవాళ్లే మోశారు. ఇది సరికాదు. వచ్చే యాసంగికి పరదాలు కావలసినవారు దీపావళిలోపు పేర్లు రాయించాలి.

కార్యదర్శి