కాలేజీ మెయిల్ రాగానే ఫోన్ మోగాలంటే

హనుమకొండ

బిడ్డా,

ఇంటర్వ్యూ టైం మార్చామని కంపెనీవాళ్లు పంపిన మెయిల్ నీ ఫోన్‌లో అరగంట ఆలస్యంగా కనిపించిందని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. ఈసారి ఎలాగో అందుకున్నావు. ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా రోజూ ఈ టెన్షన్ ఎందుకు? ఫోన్‌లో చెబితే క్లాసు ఉందని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నీ నెట్ బాగానే ఉంది. మెయిల్ ఫోన్‌కి చేరడానికి రెండు పద్ధతులున్నాయి. మెయిల్ పడగానే సర్వరే ఫోన్‌కి కబురు పెడితే అది పుష్. ఫోనే పావుగంటకో అరగంటకో సర్వర్‌ని "ఏమైనా వచ్చిందా" అని అడిగి తెచ్చుకుంటే అది ఫెచ్. నీ ఐఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్ మీ కాలేజీ అకౌంట్‌ని ఫెచ్‌లో చూస్తోంది. ఆ యాప్‌లో ఉచిత జీమెయిల్ పెట్టుకున్నా అంతే. ఉచిత జీమెయిల్‌కి పుష్ ఇచ్చే ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్ అనే పద్ధతిని గూగుల్ 2013 జనవరి తర్వాత కొత్త ఫోన్లకు ఇవ్వడం మానేసింది. జీమెయిల్ సొంత యాప్ వేసుకుంటే మాత్రం వెంటనే మోగుతుంది.

అందుకని కాలేజీ మెయిల్‌ని నీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకో. ల్యాబ్‌లో కంప్యూటర్ మీద కాలేజీ వెబ్‌మెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ దగ్గర నీ జీమెయిల్ అడ్రస్ ఇవ్వు. ఒక కాపీ అక్కడే ఉంచే ఆప్షన్ ఉంటే తప్పకుండా ఎంచుకో. ఆ ఫార్వర్డింగే కనిపించకపోతే కాలేజీవాళ్లు ఆపి ఉంటారు, సిస్టమ్స్ చూసే సార్‌ని అడుగు. పాత మెయిల్స్ రావు, పెట్టిన తర్వాత వచ్చేవే వస్తాయి.

ఇంతటితో అయిపోయిందనుకోకు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. కంపెనీ పంపిన మెయిల్ మీ కాలేజీ సర్వర్ మీదుగా వస్తుంది కాబట్టి, పంపింది నిజంగా ఆ కంపెనీయేనా అని జీమెయిల్‌కి అనుమానం వచ్చి ఒక్కోసారి స్పామ్‌లో పడేస్తుంది. జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టు: 'టు' దగ్గర నీ కాలేజీ అడ్రస్ రాసి, స్పామ్‌కి పంపొద్దని, ప్రైమరీ ట్యాబ్‌లో చూపించమని టిక్ చెయ్యి. యాప్ నోటిఫికేషన్లు ప్రైమరీకే పెట్టి ఉంటే వేరే ట్యాబ్‌లో పడ్డవాటికి ఫోన్ మోగదు, అందుకే ఆ రెండో టిక్ కూడా ముఖ్యం.

జవాబు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. జీమెయిల్ నుంచి రిప్లై కొడితే నీ సొంత అడ్రస్‌తోనే వెళ్తుంది. నువ్వు అప్లై చేసింది కాలేజీ ఐడీతో కదా, కంపెనీకి మాత్రం వెబ్‌మెయిల్ తెరిచే రాయి. జీమెయిల్ నుంచి మళ్లీ కాలేజీకి ఫార్వర్డ్ పెట్టకు, అవే మెయిల్స్ అటూ ఇటూ తిరుగుతుంటాయి. పైగా చదువు అయ్యాక కాలేజీ అకౌంట్ ఎప్పుడైనా తీసేయవచ్చు, ముఖ్యమైనవన్నీ నీ సొంతదాంట్లోనే ఉండాలి.

మన మీసేవకి గ్రూప్స్ అప్లికేషన్ల కోసం వచ్చే పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరో నెట్ సెంటర్‌లో తెరిచిచ్చిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ గుర్తుండదు, దానికి ఏం వచ్చిందో ఎవరూ చూడరు. ఏళ్ల తరబడి చదివిన చదువు ఒక్క మెయిల్ దగ్గర ఆగిపోకూడదు బిడ్డా. ఒకబ్బాయి జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఎవరిదో తెలియని అడ్రస్‌కి ఫార్వర్డింగ్ పెట్టి ఉంది. పాస్‌వర్డ్ మార్చినా అది పోదు, విడిగా తీసేయాలి. నువ్వూ అప్పుడప్పుడు 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్' పేజీ, ఫిల్టర్లు తెరిచి చూసుకుంటూ ఉండు.

మీ బాపు ఆదివారం కరీంనగర్ వస్తున్నాడు, సకినాలు పంపుతున్నా. అంతకు ముందే ఇదంతా చేసి నాకు ఫోన్ చెయ్యి. నీ కాలేజీ అడ్రస్‌కి ఒక మెయిల్ పంపుతా, జీమెయిల్ యాప్‌లో మోగిందో లేదో అక్కడికక్కడే చూసుకుందాం.

అమ్మ