గ్రీస్ ఆడవాళ్ళు జాతీయ సభకు మొదట ఓటేసింది 1944లో

సంపాదకులకు నమస్కారం.

ఏ దేశంలో ఆడవాళ్ళకు ఏ సంవత్సరం ఓటుహక్కు వచ్చిందో చెబుతూ మొన్నటి ఆదివారం సంచికలో మీరొక పట్టిక వేశారు. 1893 న్యూజిలాండ్ దగ్గర మొదలై 2015 సౌదీ అరేబియా దాకా వచ్చింది. ఇలాంటివి వేస్తున్నందుకు సంతోషం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. గ్రూప్స్‌కి చదివే పిల్లలు మీ పట్టికలు కత్తిరించి నోట్సులో అంటించుకుంటారని నాకు తెలుసు. మా వీధిలోనే ఇద్దరున్నారు. అందుకే గ్రీస్ ఎదురుగా ఉన్న అంకె గురించి రాయకుండా ఉండలేకపోయాను. అక్కడ 1952 అని వేశారు.

గ్రీస్ పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటిచ్చిన చట్టం 1952 మే నెలలో వచ్చిన మాట నిజమే. కానీ అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1944 ఏప్రిల్ 23న, జర్మన్ సైన్యం ఇంకా దేశం మీద కూర్చుని ఉండగానే, గ్రీకు ఆడవాళ్ళు ఒక జాతీయ సభకు ఓట్లు వేశారు. వాళ్ళలో అయిదుగురు ఆ సభకు సభ్యులయ్యారు. ఈ సంగతి మీ పట్టికలో చిన్న గుర్తుగా కూడా లేదు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. గ్రీస్‌లో చివరి ఎన్నికలు 1936 జనవరిలో జరిగాయి. అదే ఏడు ఆగస్టు 4న జనరల్ మెటాక్సాస్ పార్లమెంటును మూసేసి నియంత అయ్యాడు. 1941 ఏప్రిల్‌లో హిట్లర్ సైన్యాలు దిగాయి. రాజు, ఆయన మంత్రులు దేశం వదిలి వెళ్ళిపోయారు. జర్మనీ, ఇటలీ, బల్గేరియా దేశాన్ని మూడు ముక్కలుగా పంచుకున్నాయి. ఏథెన్స్‌లో ఒక కీలుబొమ్మ ప్రభుత్వాన్ని పెట్టారు. ఆ చలికాలం ఏథెన్స్‌లోనూ పక్కనే ఉన్న పిరయస్ రేవులోనూ జనం తిండిలేక వీధుల్లోనే పడి చనిపోయారు. పొద్దున్నే శవాలను బళ్ళలో ఎత్తుకెళ్ళేవారు.

ఆకలి పట్టించుకునే ప్రభుత్వం లేదు కాబట్టి జనమే పూనుకున్నారు. 1941 సెప్టెంబరు 27న జాతీయ విమోచన వేదిక పుట్టింది. గ్రీకులో దాన్ని పొట్టిగా ఎయామ్ అంటారు. కమ్యూనిస్టులది అందులో పెద్ద చెయ్యి. సోషలిస్టులు, రైతు పార్టీ వాళ్ళు, ఏ పార్టీకీ చెందని టీచర్లు, ఊరి చర్చి పూజారులు కూడా ఉన్నారు. దాని గెరిల్లా సైన్యం పేరు ఎలాస్. కొండప్రాంతాల్లోంచి శత్రువు వెనక్కి తగ్గిన కొద్దీ ఊళ్ళు వీళ్ళ చేతికొచ్చాయి. ఊరి సభ కమిటీని ఎన్నుకునేది. తగాదాలు తీర్చడానికి ప్రజా కోర్టు ఉండేది. బడిలోనో చర్చిలోనో కూర్చుని, ఫీజు లేకుండా, ఊరి వాళ్ళకు అర్థమయ్యే మామూలు భాషలో తీర్పు చెప్పేవారు. అంతవరకూ ఊరి గొడవల్లో నోరెత్తే వీలు లేని ఆడవాళ్ళు ఆ సభల్లో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైంది ఇదే. తుపాకుల కథ అందరూ రాస్తారు.

1944 మార్చి 10న ఈ ఉద్యమం జాతీయ విమోచన రాజకీయ కమిటీ అని ఒకటి పెట్టింది. జనం దాన్ని కొండ ప్రభుత్వం అన్నారు. ఏప్రిల్ నుంచి దానికి అధ్యక్షుడు అలెగ్జాండ్రోస్ స్వోలోస్. ఈయన కమ్యూనిస్టు కాదు, ఏథెన్స్ యూనివర్సిటీలో రాజ్యాంగ శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. నియంత ఈయన ఉద్యోగం తీసేసి దీవులకు పంపాడు. పాలించే అధికారం మాకెవరిచ్చారు అన్న ప్రశ్నకు జవాబుగా ఆ కమిటీ ఎన్నికలు పెట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడా మగా అందరికీ ఓటు. కొండ ఊళ్ళలో బహిరంగంగా జరిగింది. జర్మన్ల కింద ఉన్న పట్నాల్లో మనుషులు ఇంటింటికీ రహస్యంగా తిరిగి ఓట్లు తీసుకున్నారు. పట్టుబడితే ఏమవుతుందో వేసేవాళ్ళకూ తెలుసు, తీసుకునేవాళ్ళకూ తెలుసు. పది లక్షల మందికి పైగా ఓటేశారని ఉద్యమం ప్రకటించింది. ఆ పరిస్థితిలో పక్కన నిలబడి లెక్క సరిచూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ అంకెను వాళ్ళ మాటగానే చెబుతున్నాను.

గెలిచినవాళ్ళు కార్పెనీసి పట్నం దగ్గర కొరిస్కాదెస్ అనే కొండ ఊళ్ళో, ప్రాథమిక పాఠశాలలో సమావేశమయ్యారు. మే 14 నుంచి 27 దాకా. దాదాపు 200 మంది. రైతులు, కూలీలు, సైనికాధికారులు, డాక్టర్లు, కొజాని బిషప్పు యోఅకీమ్, 1936 పార్లమెంటులో ఉన్న పాత సభ్యులు కొందరు. అయిదుగురు స్త్రీలలో ఒకరు మరియా స్వోలు. అధ్యక్షుడి భార్య కాబట్టి వచ్చారనుకోకండి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే స్త్రీల ఓటు కోసం పోరాడిన మనిషి, ఫ్యాక్టరీల్లో కార్మిక తనిఖీ అధికారిణిగా పనిచేసి ఆడకూలీల బతుకు దగ్గర్నుంచి చూసిన మనిషి. ఇంకొకరు కైటి జెవ్గు, టీచరు. మిగిలిన ముగ్గురు క్రిసా హజివసిలియు, మాహి మావ్రోయిది, ఫొతిని ఫిలిప్పిది. ఈ పేర్లు తెలుగులో ఒక్కసారైనా అచ్చులో పడాలని రాస్తున్నాను.

ఆ బడిలో ఆమోదించిన తీర్మానంలో అధికారాలన్నీ ప్రజల నుంచే వస్తాయని రాసుకున్నారు. స్త్రీ పురుషులకు రాజకీయ హక్కులూ పౌర హక్కులూ సమానమన్నారు. పండితుల భాషను పక్కనపెట్టి జనం మాట్లాడే భాషనే అధికార భాష చేశారు. టీచర్లను తయారుచెయ్యడానికి కార్పెనీసిలో శిక్షణ బడి పెట్టారు. డబ్బు సంగతి చూడండి: అప్పటి గ్రీకు డ్రాక్మా ఎంత పతనమైందంటే ఆ ఏడు నవంబరులో 5,000 కోట్ల పాత డ్రాక్మాలకు ఒక కొత్త డ్రాక్మా ఇచ్చారు. అందుకని కొండ ప్రభుత్వం తన బాండ్లను గోధుమల్లో వేసింది. ఇన్ని ఓకాల గోధుమలు అని కాగితం మీద అచ్చేసి ఉండేది. ఓకా అంటే కిలోంబావు కన్నా కాస్త ఎక్కువ. కూలి గింజల్లో కొలిచిన రోజులు మన ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే, వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు వాదన. మీ పట్టికలో ఫ్రాన్స్ ఎదురుగా 1944 అని ఉంది. ఆ 1944 ఎక్కడిది? జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచి నాయకుడు జనరల్ డిగాల్ కమిటీ ఏప్రిల్ 21న అల్జీర్స్‌లో ఇచ్చిన ఉత్తర్వు. దానికి ముందు మార్చి 24న, యుద్ధకాలంలో అక్కడ ఏర్పడిన సంప్రదింపుల సభ, స్త్రీలకు ఓటివ్వాలన్న ఫెర్నాండ్ గ్రెనియే ప్రతిపాదనను 16కు వ్యతిరేకంగా 51 ఓట్లతో ఆమోదించింది. ఆ సభను ప్రజలు ఎన్నుకోలేదు. ఆ కమిటీని ఫ్రాన్స్ ప్రభుత్వంగా అమెరికా, బ్రిటన్ గుర్తించింది ఆ ఏడు అక్టోబరులో. ఉత్తర్వు వచ్చిన రోజున పారిస్ జర్మన్ల చేతిలోనే ఉంది. ఫ్రెంచి ఆడవాళ్ళు నిజంగా ఓటేసింది ఏడాది తర్వాత, 1945 ఏప్రిల్ 29న, మునిసిపల్ ఎన్నికల్లో. అయినా మనం 1944 అనే రాస్తాం. రాయాలి కూడా.

అల్జీర్స్ ఉత్తర్వు వచ్చిన రెండు రోజులకే గ్రీస్ ఎన్నికలు జరిగాయి. అక్కడ కాగితం మీద హక్కు ఇచ్చారు, ఇక్కడ ఓటే పడింది. రెండూ ఆక్రమణ మీద లేచిన ఉద్యమాలు పెట్టుకున్న సభలే. అప్పటికి రెండింటినీ పెద్ద దేశాలు గుర్తించలేదు. మరి ఒకటి పట్టికలోకి వచ్చి ఇంకొకటి ఎందుకు రాలేదు? డిగాల్ గెలిచి పారిస్‌లో ప్రభుత్వం పెట్టాడు, గ్రీకు కొండల వాళ్ళు ఓడిపోయారు. నాకు కనిపించే తేడా ఇదొక్కటే. ఓడినవాళ్ళు వేసిన ఓటు ఓటు కాకుండా పోతుందా?

ఇంకో మాట. మన దేశం ఎదురుగా 1950 వేసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, మద్రాసు రాష్ట్రంలో ఆస్తి ఉన్న కొద్దిమంది స్త్రీలకు 1921 నుంచే ఓటు ఉందని కింద రాశారు. మంచి పని చేశారు. ఆ కొద్దిమందికి నక్షత్రం దక్కినప్పుడు ఆస్తితో పని లేకుండా ఊరి ఆడవాళ్ళందరికీ ఇచ్చిన ఓటుకు ఎందుకు దక్కదు?

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అది ఒక పార్టీ ఆడించిన ఎన్నిక అంటారు. అభ్యర్థులు ఎయామ్ వాళ్ళే, గట్టి పోటీ లేదు, నిజం. ఇంకా పెద్ద నిజం ఉంది. ఎన్నికలకు ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 17న, ఎలాస్ దళాలు మరో ప్రతిఘటన దళం నాయకుడు కల్నల్ ప్సారోస్‌ను చంపాయి. ఆయన కూడా జర్మన్లతో పోరాడినవాడే. అది ఆ ఉద్యమానికి పోని మచ్చ, దాన్ని ఎవరూ సమర్థించకూడదు. కానీ ఊళ్ళో మొదటిసారి ఓటు చీటీ పట్టుకున్న ఆడమనిషి ఆ హత్య చెయ్యలేదు. ఆమె వేసిన ఓటును ఆ లెక్కలో కొట్టెయ్యడం న్యాయం కాదు.

నాకు గ్రీస్ మీద ఈ పట్టింపు మా నాన్న వల్ల వచ్చింది. ఆయన మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో సిపాయి. నాలుగో ఇండియన్ డివిజన్‌తో ఇటలీలో ఉండి, అక్కణ్ణుంచి గ్రీస్ వెళ్ళారు. పాత్రాస్ రేవు వైపు రోడ్లు, వంతెనలు బాగుచేసే పని. ఊళ్ళలో తమతో మాట్లాడటానికి ఆడవాళ్ళే వచ్చేవారని, కూలి రేటు కూడా వాళ్ళే ఖచ్చితంగా తేల్చుకునేవారని చెప్పేవారు. మగవాళ్ళేరీ అంటే చేత్తో నేలవైపు చూపించేవారట. ఆ ప్రాంతంలోనే కలావ్రిత అనే ఊరుంది. 1943 డిసెంబరు 13న జర్మన్లు అక్కడి మగవాళ్ళనూ ఎదిగిన మగపిల్లలనూ కొండవాలుకు తోలుకెళ్ళి కాల్చేశారు. గడ్డకట్టిన నేల తవ్వి పాతిపెట్టింది ఆడవాళ్ళే. ఏప్రిల్‌లో ఓటేసినవాళ్ళు ఇలాంటి ఊళ్ళ ఆడవాళ్ళని నేను చాలా ఏళ్ళ తర్వాత, పుస్తకాలు చదివాక గ్రహించాను.

మా నాన్నతో పాటు వెళ్ళిన మన సైన్యం అక్కడికి ఏ పనిమీద వెళ్ళిందో కూడా చెప్పాలి. 1944 అక్టోబరు 12న ఏథెన్స్ విముక్తమైంది. దేశం వదిలి వెళ్ళిన ప్రభుత్వంతో లెబనాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం స్వోలోస్ ఐక్య ప్రభుత్వంలో చేరి ఆర్థిక మంత్రి అయ్యాడు. కొండ ప్రభుత్వం నవంబరులో తనంతట తాను రద్దయింది. ఆయుధాలు ఎవరు దించాలన్న తగువులో ఎయామ్ మంత్రులు రాజీనామా చేశారు. డిసెంబరు 3న ఏథెన్స్ నడిబొడ్డున నిరాయుధుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ తర్వాత నెల రోజులు నగరంలో యుద్ధం. ఎలాస్‌ను అణచడానికి చర్చిల్ పంపిన బలగాల్లో అయిదో ఇండియన్ బ్రిగేడ్ కూడా ఉంది, పిరయస్‌లో పోరాడింది. అంటే ఇంకా స్వాతంత్ర్యం రాని మన దేశపు సిపాయిలను, అప్పుడే జర్మన్ల నుంచి బయటపడిన జనం మీదికి తోలారు. మా నాన్నకు దాని గురించి మాట్లాడటం ఇష్టం ఉండేది కాదు.

తర్వాత 1949 దాకా అంతర్యుద్ధం. కొండల్లో ఓటేసిన ఆడవాళ్ళలో ఎంతోమందిని హియోస్, త్రికేరి, మక్రోనిసోస్ దీవుల్లో నిర్బంధించారు, పసిబిడ్డలతో సహా. కైటి జెవ్గు భర్తను 1947లో థెస్సలోనికిలో పట్టపగలు కాల్చి చంపారు. 1952లో చట్టం వచ్చింది కానీ జాబితాల్లో పేర్లు ఎక్కలేదన్న సాకుతో ఆ నవంబరు ఎన్నికల్లో స్త్రీలను ఓటెయ్యనివ్వలేదు. దేశమంతటా వేసింది 1956లో. కాబట్టి మీ 1952 కూడా అనుకున్నంత గట్టి అంకె కాదు. మరియా స్వోలు 1958లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఎయామ్, ఎలాస్‌లది దేశభక్తి పోరాటమేనని గ్రీస్ పార్లమెంటు చట్టం చేసి ఒప్పుకున్నది 1982లో. సొంత దేశమే 1982లో ఒప్పుకున్నాక మనం ఇంకా వదిలెయ్యడం దేనికి?

కాబట్టి నా కోరిక. 1952ను తీసెయ్యమనడం లేదు. దాని పక్కన ఒక నక్షత్రం పెట్టి, వచ్చే ఆదివారం సవరణ గడిలో ఈ రెండు వాక్యాలు వెయ్యండి: "జర్మన్ ఆక్రమణ కాలంలో, 1944 ఏప్రిల్ 23న, ప్రతిఘటన ఉద్యమం జరిపిన జాతీయ సభ ఎన్నికల్లో గ్రీస్ స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. ఆ సభలో అయిదుగురు స్త్రీలు సభ్యులు." పట్టికను మీ వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు, అక్కడా మార్చండి. పిల్లలు ఎక్కువగా దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
తాడేపల్లిగూడెం